ఇల్లు చూసి కుక్కను తెచ్చుకోండి

(స్వర్ణోత్సవ సభల్లో పూర్వ విద్యార్థుల ప్రసంగాల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1983 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, విశ్రాంత పశువైద్యుడు.)

 

నిర్వాహకులు ఫోన్ చేసి, "డాక్టర్ సాబ్, పది మందికి పనికొచ్చే ముచ్చట ఒకటి చెప్పాలె" అన్నారు. బర్రెల గురించి చెబుదామనుకున్నాను. నా నౌకరీ అంతా ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బర్రెలు, గొర్లు, మేకల మధ్యనే గడిచింది. కానీ మా బ్యాచ్‌లో ఇప్పుడు కొట్టంలో బర్రె ఉన్నవాళ్లు ఇద్దరే. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు, తెచ్చుకోవాలనుకుంటున్నవాళ్లు చాలామంది. రిటైరైనా నా ఫోన్ రిటైర్ కాలేదు. వారానికి ఒక్కరైనా అడుగుతారు, "ఒక మంచి కుక్కను చెప్పు" అని.

ఈ ప్రశ్నకు ఒకప్పుడు నేను తప్పుడు జవాబు చెప్పాను. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

నేను నౌకరీలో చేరి పదేండ్లు దాటిన రోజులవి. నాతో ఇదే బడిలో చదువుకున్న దోస్తు ఒకడు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు. కోరుట్ల దిక్కు కొత్తగా రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఇంట్లో ఉండేది ముసలి అవ్వ, భార్య, ఏడేండ్ల కొడుకు. మళ్లీ దుబాయి పోయేలోపు ఇంటికి ఒక కుక్కను తేవాలని వాడి పట్టుదల. నాకు ఒక ఫొటో చూపించాడు. సెయింట్ బెర్నార్డ్. దూడంత ఉంటుంది, ఒంటి నిండా దట్టమైన బొచ్చు. ఆల్ప్స్ పర్వతాల్లో మంచులో తప్పిపోయినవాళ్లను వెతికి పట్టిన జాతి అది. "ఎట్లుందిరా?" అన్నాడు. "సూపర్ ఉంది" అన్నాను. అంతే. ఒక పశువైద్యుడిగా నేను అప్పుడు అనాల్సిన మాట 'వద్దు'. దోస్తు సంబురం మీద నీళ్లు చల్లడం ఎందుకని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, అంత పెద్ద కుక్కకు నేనే డాక్టర్‌నవుతానన్న గొప్ప కూడా లోపల ఉంది.

చలికాలంలో పిల్ల వచ్చింది. ఎండకాలం నాటికి అవ్వకంటే బరువైంది. ఇంట్లో ఉంచితే బొచ్చు, చొంగ. అందుకని మేడ మీద రేకుల షెడ్డు కింద కట్టేశారు. మే నెలలో ఒక రోజు కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది. మధ్యాహ్నం భోజనం చేసి కింద అందరూ పడుకున్నారు. నాలుగు గంటలకు పిల్లగాడు పైకి పోయి చూస్తే కుక్క లేవడం లేదు. ట్రాలీ ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెచ్చారు. కుక్కకు మామూలుగా ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. నేను థర్మామీటర్ పెడితే 108 దాటింది. నీళ్లు పోశాం, ఫ్యాన్ పెట్టాం, సెలైన్ ఎక్కించాం. చీకటి పడేలోపు పోయింది.

ఆ పిల్లగాడు నన్ను ఏమీ అనలేదు. వాళ్ల అవ్వ మాత్రం ఒక మాట అన్నది: "బిడ్డా, నువ్వు సదువుకున్నోనివి. గిది మనూర్ల బతుకదని నీకు తెల్వదా?"

తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఇవాళ మీకూ అట్లాగే చెబుతాను.

మన పెద్దలు ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. నేను కుక్క దగ్గర కూడా అదే మాట అంటాను. ముందు మన ఇంటిని చూసుకోవాలి, తర్వాత కుక్కను చూడాలి. మనం తిరకాసుగా చేస్తున్నాం. ముందు ఫొటో చూస్తాం, తర్వాత కొంటాం, ఆ తర్వాత ఇంట్లో దానికి చోటు వెతుకుతాం.

నన్ను అడగవచ్చినవాళ్లను నేను ఐదు ప్రశ్నలు అడుగుతాను.

మొదటిది: మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఆ కుక్క ఎక్కడ ఉంటుంది? మన రామగుండంలో, ఆదిలాబాద్‌లో, జగిత్యాలలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు పాదాల కింద తప్ప చెమట దాదాపు పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని కూలర్. చుట్టూ గాలే నిప్పులా ఉంటే ఎంత ఒగర్చినా లాభం లేదు. రేకుల షెడ్డు, మేడ, పార్క్ చేసిన కారు ఈ మూడూ కుక్కకు పొయ్యి లాంటివే. నీడ, గాలి, నీళ్లు ఉన్న చోటు ఇంట్లో చూపించగలిగితేనే రెండో ప్రశ్నకు పోదాం.

రెండోది: గొలుసు ఎవరి చేతిలో ఉంటుంది? కుక్కను తెచ్చేది ఒకరు, చూసేది ఇంకొకరు. నా దవాఖానకు కుక్కలను తెచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, ముసలివాళ్లు. కొన్న కొడుకు హైదరాబాద్‌లోనో, దుబాయిలోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. సింగరేణి క్వార్టర్లలో అయితే మనిషి ఊర్లోనే ఉంటాడు, కానీ ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. అందుకే కుక్కను ఎవరు చూస్తారో వాళ్ల సరే అన్న మాట మొదట కావాలి. వాళ్లు గొలుసు పట్టుకుంటే కుక్క వాళ్లను లాక్కుపోకూడదు. 60 కిలోల మనిషి చేతిలో 40 కిలోల కుక్క, రోడ్డు మీద ఎదురుగా ఒక పిల్లి. ఏమైతదో మీరే ఆలోచించండి.

మూడోది: ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉన్నారు? చంటిపిల్లలా, కాలు జారితే తుంటి విరిగే ముసలివాళ్లా, కోళ్లా, మేకలా? వేట కోసం తయారైన జాతి కుక్కకు మీ పెరట్లో కోడి ఉంటే అది మీ కోడి అని తెలియదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ కుక్కనైనా పిల్లలతో ఒంటరిగా వదలకూడదు. ఎంత సాధువైనా సరే.

నాలుగోది: దేనికోసం? కాపలాకా, తోడుకా, పిల్లల సరదాకా, పక్కింట్లో ఉందనా? కాపలా అంటే చాలామందికి కరిచే కుక్క గుర్తొస్తుంది. ఇంటికి కావలసింది కరిచే కుక్క కాదు, మొరిగే కుక్క. దొంగ కూడా మొదట భయపడేది చప్పుడుకే. ఇక పిల్లల సరదా అయితే, ఆరు నెలల్లో తీరే సరదాకు పన్నెండేండ్ల ప్రాణిని తేవద్దు.

అదే ఐదో ప్రశ్న: ఎన్నాళ్లు? కుక్క సుమారు పన్నెండేండ్లు బతుకుతుందనుకోండి. రోజుకు రెండుసార్లు బయటికి తిప్పాలి. మా లెక్కల సార్ ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి లెక్క సరిగ్గా చెబుతాను. సంవత్సరానికి 730 సార్లు. పన్నెండేండ్లకు 8,760 సార్లు. పండుగ రోజు, పెండ్లి రోజు, వాన పడే రోజు, జ్వరమొచ్చిన రోజు అన్నీ అందులో ఉన్నాయి. తిండి లెక్క కూడా చూడండి. 25 కిలోల కుక్క రోజుకు దాదాపు 300 గ్రాముల పొడి దాణా తింటుంది. నెలకు 9 కిలోలు. ధర ఎంతో దుకాణంలో అడిగి మీరే గుణించుకోండి. టీకాలు, పురుగుల మందు, గోమార్ల మందు వేరే.

ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికాక జాతుల సంగతి మాట్లాడుకోవచ్చు.

ఎక్కువమంది అడిగేది లాబ్రడార్. మంచి కుక్కే. పిల్లలతో కలుస్తుంది, చెప్పింది నేర్చుకుంటుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో పనిచేసిన కుక్కల సంతతి అది. బ్రిటన్‌లో ఈ జాతిని తీర్చిదిద్దారు. నీళ్లలో ఈదే ఒళ్లు దానిది, పని లేకపోతే ఊరుకోదు. మన దగ్గర దాని రోగం పేరు ప్రేమ. అది అడుగుతూనే ఉంటుంది, మనం పెడుతూనే ఉంటాం. గోదావరిఖనిలో నేను చూసిన ఒక లాబ్రడార్ మెట్లు ఎక్కలేక రెండో అంతస్తు దాకా మనుషులతో మోయించుకునేది. ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ, బరువు పెరిగితే అది ఇంకా ముదురుతుంది. రోజూ గంటసేపు తిప్పే మనిషి ఉంటేనే లాబ్రడార్. కాపలాకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. దొంగ బిస్కెట్ పెడితే తోక ఊపుతుంది.

జర్మన్ షెపర్డ్‌ను 1899లో జర్మనీలో ఒక సైనికాధికారి గొర్ల కాపరి కుక్కల నుంచి జాతిగా నిలబెట్టాడు. తెలివికి పెట్టింది పేరు. అందుకే పోలీసులు, సైన్యం వాడతారు. కానీ తెలివైన పిల్లగాణ్ని పని లేకుండా ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో ఇక్కడున్న సార్లకు నేను చెప్పక్కర్లేదు. శిక్షణ ఇచ్చే ఓపిక, తిప్పే సమయం లేని ఇంట్లో ఈ కుక్క గేటు దగ్గర కట్టేసి ఉంటుంది, వచ్చేపోయే ప్రతివాణ్ని చూసి పిచ్చెక్కినట్టు మొరుగుతుంది. తప్పు కుక్కది కాదు.

డాబర్‌మ్యాన్‌కు ఆ పేరు జర్మనీలో పన్నులు వసూలు చేసిన ఒక ఉద్యోగి నుంచి వచ్చింది. డబ్బు సంచితో తిరిగేవాడు కాబట్టి వెంట కాపలా కుక్క కావాలనుకున్నాడు. దీనికి పొట్టి బొచ్చు, అందువల్ల మన ఎండకు కొంత నయం. కానీ దీనికి గానీ, రాట్‌వైలర్‌కు గానీ ఇంతకుముందు కుక్కను పెంచి నేర్పిన అనుభవం ఉన్న యజమాని కావాలి. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ వంటి 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. చట్టం ఎటు తిరిగినా నా మాట ఒక్కటే. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లు ఇవి తేవద్దు.

ఇక పగ్. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లగాని వెంట వెంట నడిచిన కుక్క. ఆ ప్రకటన తర్వాత ఊరూరా పగ్‌లు వచ్చాయి. ముద్దుగా ఉంటుంది నిజమే. కానీ ముక్కు లోపలికి నొక్కినట్టుంటుంది కాబట్టి గాలి ఆడే దారి ఇరుకు. ఇందాక చెప్పాను కదా, ఒగర్చడమే కుక్కకు కూలర్ అని. పగ్‌కు ఆ కూలరే సగం పాడై పుడుతుంది. అది గురక పెడితే నవ్వుకుంటాం. అది గురక కాదు, గాలి కోసం తిప్పలు. షీట్జు, బుల్‌డాగ్‌లదీ అదే కథ. ఏసీ ఉన్న గది, నడిపించడానికి తెల్లవారుజామున లేచే మనిషి ఉంటే తప్ప వీటి జోలికి పోవద్దు. హస్కీ గురించి ఒక్క మాటే. అది సైబీరియా మంచులో బండి లాగే కుక్క. మంచిర్యాల బజారులో మే నెలలో దాన్ని తిప్పడం సరదా కాదు, శిక్ష.

మన ఇండ్లల్లో పాతకాలం నుంచి ఉన్నది బొచ్చుకుక్క. పామేరియన్ అంటాం గానీ, మన దగ్గర ఉన్నవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీగా నటించింది ఇదే జాతి. బొచ్చున్నా మన వాతావరణానికి తరతరాలుగా అలవాటుపడింది. తక్కువ తింటుంది, చిన్న ఇంట్లో సర్దుకుంటుంది, ఈగ వాలినా మొరుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లకు మాత్రం ముందే చెప్పుకోండి. బొచ్చు రోజూ దువ్వాలి. దువ్వకపోతే ముద్దలు కట్టి, కింద గోమార్లు కాపురం పెడతాయి. గోమార్ల జ్వరం మన జిల్లాల్లో కుక్కలను చంపే జబ్బుల్లో ఒకటి.

మన దేశపు జాతుల గురించి ఇప్పుడు ఆసక్తి పెరిగింది. మంచిదే. 2005లో తపాలా శాఖ ముధోల్ హౌండ్, రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్‌ల బొమ్మలతో స్టాంపులు తెచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో దేశీ జాతులను పెంచుకోమన్నారు. ముధోల్ మనకు దూరం కాదు, కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా. సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటుంది, మన ఎండను తట్టుకుంటుంది. కానీ అది పరుగు కుక్క, కుందేళ్లను వేటాడిన కుక్క. చుట్టూ కంచె ఉన్న పొలం, మామిడి తోట ఉన్నవాళ్లకు సరిపోతుంది. డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌కు కాదు. మేకలు తిరిగే వాడకు అసలే కాదు. తమిళనాడు రాజపాళయం తెల్లగా, అందంగా ఉంటుంది. ఈ జాతిలో పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలు పుడతాయి. కొనేముందు వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి.

తెలుగువాళ్లకు సొంత కుక్కలు లేవా అంటే ఉన్నాయి. కొల్లేరు ప్రాంతంలో జొనంగి అనే కుక్క ఉంది. ఒంటికి అతుక్కుపోయినంత పొట్టి బొచ్చు. బాతుల మందలను కాసేవాళ్ల వెంట తిరిగింది. మామూలు కుక్కలా భౌ భౌమని కాకుండా వింతగా కూస్తుంది. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన అనే ఊరి పేరుతోనే అక్కడి కుక్కలు ప్రసిద్ధి. వేటకు, పశువుల కాపలాకు వాటిని పెంచారు.

మరి మన ఉత్తర తెలంగాణకు? మనకు కూడా ఉంది. పేరు లేదు, స్టాంపు లేదు, సర్టిఫికెట్ లేదు. మన కురుమలు, గొల్లలు నల్లగొర్ల మందల వెంట, ఉట్నూరు, ఆసిఫాబాద్ గూడేల్లో గోండులు ఇంటి ముందర పెంచుకునే ఊరకుక్క. నేను ముప్పై ఏండ్లలో నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను. మన జిల్లాల్లో పదిళ్లలో ఎనిమిదిళ్లకు సరిపోయే కుక్క ఊరకుక్క పిల్లే.

ఎందుకో చెబుతాను. దీన్ని ఎవరూ అందం కోసం తయారు చేయలేదు. మన ఎండ, మన వాన, మన కరువు తయారు చేశాయి. పొట్టి బొచ్చు, పొడుగు మూతి, నిలబడిన చెవులు, 15 నుంచి 20 కిలోల ఒళ్లు. ఆడమనిషైనా పట్టుకోగల బరువు. పెద్దగా జబ్బు పడదు. కొత్త మనిషి వాడకట్టు మూల తిరగగానే మొరుగుతుంది, ఇంటివాళ్లతో నీడలా ఉంటుంది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. "ఊరకుక్కను పెంచుకుంటే పదిమంది ఏమనుకుంటరు?" అంటారు కొందరు. ఆ పదిమందిలో ఒక్కరు కూడా 8,760 సార్లలో ఒక్కసారైనా మీ కుక్కను తిప్పడానికి రారు.

దీనిక్కూడా కష్టాలున్నాయి. దాచను. తిరుగుడు అలవాటు ఎక్కువ, గేటు తెరిస్తే పోతుంది. అనుమానం ఎక్కువ. చిన్నప్పుడే మనుషులకు, పిల్లలకు, బండ్ల చప్పుడుకు అలవాటు చేయకపోతే పెద్దయ్యాక బెదురుతుంది, బెదిరిన కుక్కే కరుస్తుంది. మూడో వారం నుంచి మూడో నెల దాకా పిల్ల ఏది చూస్తే దానికి అలవాటు పడుతుంది. ఆ రోజుల్లో దాన్ని గంప కింద మూసిపెట్టొద్దు.

పిల్లనే తేవాలని కూడా లేదు. మన సోషల్ సార్ సంగతి, ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను. టీచరమ్మ పోయాక సార్ ఒంటరిగా ఉన్నారు. కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి, "అంకుల్, నాన్నకు తోడుగా ఒక లాబ్రడార్ పిల్లను పంపుత" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి చేతిలో ఉచ్చ పోసే, చెప్పులు కొరికే, గొలుసు లాగే పిల్లను పెట్టడం తోడు కాదు, శిక్ష. నేను సార్ వీధిలోనే తిరిగే ఒక నాలుగేండ్ల ఆడకుక్కను చూపించాను. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాను, టీకాలు వేశాను. అప్పటికే అది సార్ అరుగు మీద పడుకుంటోంది. మనం చేసిందల్లా గేటు తెరవడం. ఇప్పుడు అది పొద్దున ఐదున్నరకు సార్‌ను లేపుతుంది. మూడేండ్లుగా సార్ రోజూ రెండుపూటలా నడుస్తున్నారు. షుగర్ అదుపులో ఉంది. "నా క్లాసులో ఎవడూ ఇంత టైముకు రాలేదురా" అంటారు. సార్, తప్పైతే క్షమించాలి.

కొనే తీరుతామనేవాళ్లకు రెండు మాటలు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి. నెలరోజుల పిల్లను తల్లి నుంచి విడదీసి అట్టపెట్టెలో బస్సు మీద పంపేవాళ్లున్నారు. అట్లాంటి పిల్లలే నా దగ్గరికి పార్వో జబ్బుతో, రక్తపు విరేచనాలతో వచ్చేవి. తల్లిని చూపించమనండి. తల్లి సాధువైతే పిల్ల సాధువయ్యే అవకాశం ఎక్కువ. చూపించనివాని దగ్గర కొనొద్దు. పిల్లల్లో మరీ మీదపడేదాన్ని, మూలకు నక్కేదాన్ని వదిలేసి, దగ్గరికొచ్చి వాసన చూసి ఆడుకునేదాన్ని ఎంచుకోండి.

తెచ్చాక ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, డాక్టర్ చెప్పిన గడువుల్లో మిగతావి, మూడు నెలలకు రేబీస్ టీకా, ఆ తర్వాత ఏటేటా. మనం తినేది పెడితే తింటుంది గానీ బగారన్నంలోని ఉల్లిగడ్డ, పాయసంలోని కిస్‌మిస్, పిల్లల చాక్లెట్ కుక్కకు విషం. ఉడికిన కోడి బొక్కలు పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండదెబ్బ తగిలితే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి గాలి తగలనివ్వండి, అట్లనే దవాఖానకు పరుగెత్తండి. ఐసుగడ్డలు వేయొద్దు.

రేబీస్ గురించి ఒక్క నిమిషం. నా ఈడువాళ్లకు కుక్క కాటంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తుకొస్తాయి. ఆ భయంతోనే ఎందరో దవాఖానకు పోలేదు. ఆ పాత మందు ఆగిపోయి ఎన్నో ఏండ్లయింది. ఇప్పుడు చేతికే నాలుగైదు సూదులు. కుక్క కరిస్తే కారం, పసుపు, సున్నం పెట్టొద్దు. నల్లా కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలి. రోగ లక్షణాలు మొదలైతే ఇక మందు లేదు.

కవ్వాల్ పులుల అభయారణ్యం అంచున, జన్నారం, కడెం, ఉట్నూరు దిక్కు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మన కుక్కకు వేసే టీకా అడవికీ కాపలా. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో నెల తిరగకుండా 20కి పైగా సింహాలు చనిపోయాయి. చనిపోయినవాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. మన పులులకు ఆ గతి పట్టొద్దు.

చివరగా, నాకు చాలా బాధ కలిగించే సంగతి. రాజీవ్ రహదారి పక్కన, ఊరి బయట ధాబాల దగ్గర మెడలో పట్టీతో తిరిగే జాతి కుక్కలను మీరూ చూసే ఉంటారు. అద్దె ఇల్లు మారారు, బిడ్డ పెండ్లి అయింది, కుక్కకు జబ్బొచ్చింది. కారులో తెచ్చి వదిలి పోతారు. ఆ కుక్క అక్కడే కూర్చుని వచ్చే ప్రతి కారునూ చూస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి పక్కన పెట్టండి. తెలుగు వాచకంలో మనం చదువుకున్న ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గంలోకి రానన్నాడు. ఆ పాఠం మనకు చెప్పిన బడి ఇది.

వదిలేసేవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. వాళ్లలో చాలామంది తప్పు కుక్కను తెచ్చుకున్న మంచివాళ్లు. మొదటిరోజే ఎవరో ఒకరు 'వద్దు' అని ఉంటే ఆ కుక్క రోడ్డు మీదికి వచ్చేది కాదు. నా దోస్తు ఇంట్లో అనలేకపోయిన మాటే అది.

ఆ దోస్తు ఇప్పుడు గల్ఫ్ మానేసి వచ్చాడు, ఈ సభలోనే ఉన్నాడు. ఆ పిల్లగాడు పెద్దవాడయ్యాడు. పోయినేడు నాకు ఫోన్ చేసి, "అంకుల్, మా పిల్లలు కుక్క కావాలంటున్నరు. ఏది తెమ్మంటరు?" అని అడిగాడు. నేను ఏ జాతి పేరూ చెప్పలేదు. "మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు అది ఎక్కడుంటది?" అని అడిగాను. కొంచెంసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత, "మా పడక గదిలో ఉంటది అంకుల్" అన్నాడు. వాళ్ల వాడలోనే పుట్టిన గోధుమరంగు పిల్ల ఇప్పుడు వాళ్లింట్లో పెరుగుతోంది. అవ్వ లేదు. ఉంటే ఈసారి నన్ను తిట్టకపోయేది.

సంఘానికి ఒక విన్నపం. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబీస్ దినం. ఏటా ఆ రోజున మన బడి మైదానంలో ఊరి కుక్కలన్నింటికీ రేబీస్ టీకాలు వేద్దాం. సూది నేను వేస్తాను. నాతోపాటు ఈ బడి నుంచి పశువైద్యం చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు వస్తారు. మందుల ఖర్చు బ్యాచ్‌కు ఒక ఏడాది చొప్పున పంచుకుందాం. మొదటి ఏడాది 1983 బ్యాచ్‌ది. దోస్తులను అడగకుండానే చెబుతున్నాను, వద్దనరని నమ్మకం.

 భోజనాలు తయారయ్యాయట. బయట మన బడి కుక్కలు రెండు ఎదురుచూస్తున్నాయి. ఉల్లిగడ్డలు తీసేసి పెట్టండి.

సెలవు.